కోల్‌పోర్ట్ పూలబుట్ట అడుగున "ఏ.డి. 1750" అని ఉంది, నిజంగా అంత పాతదా?

చిన్నిగిన్నె:
అందరికీ నమస్కారం. మా అత్తయ్య తన షోకేసులోంచి ఒక బోన్ చైనా పూలబుట్ట తీసి నాకిచ్చేసింది, అరచేతిలో పట్టేంతే ఉంటుంది, పైన అన్నీ పింగాణీ గులాబీలే, ఒక రేక అంచు మాత్రం కొద్దిగా విరిగింది. తిరగేస్తే కిరీటం గుర్తు, కోల్‌పోర్ట్, ఇంగ్లండ్, ఏ.డి. 1750 అని ఉంది. ఇంట్లో అందరూ 1750 నాటిదే అంటున్నారు, నాకేమో డౌటు. ఇంకోటి, పూల మధ్యలో దుమ్ము పట్టేసింది, ఎలా తీయాలి?

పాతసామాను:
1750 అనేది కంపెనీ మేం ఇంత పాతవాళ్లం అని చెప్పుకున్న సంవత్సరం అండీ, మీ బుట్ట చేసింది అప్పుడు కాదు. ఇంగ్లండ్‌లోని కోల్‌పోర్ట్ అనే ఊళ్లో జాన్ రోజ్ ఈ పింగాణీ ఫ్యాక్టరీ పెట్టిందే 1790ల్లో. పింగాణీ ముద్దలో ఎముకల బూడిద కలపడం అంతకుముందే లండన్ దగ్గర బో అనే చోట చేశారు గానీ ఇప్పుడు మనం బోన్ చైనా అంటున్న మిశ్రమం కుదిరింది ఇంగ్లండ్‌లోనే పింగాణీకి పేరున్న స్టోక్ ఊళ్లో స్పోడ్ కుటుంబం ఫ్యాక్టరీలోనే, తండ్రి 1797లో పోయాక కొడుకు దాన్ని నిలబెట్టాడు, ఇద్దరి పేరూ జోసయా స్పోడే కాబట్టి చదివేటప్పుడు తికమకపడకండి. మీకు అసలు ఆధారం ఆ "ఇంగ్లండ్" అన్న మాట. 1890లో అమెరికా చేసిన టారిఫ్ (దిగుమతి సుంకాల) చట్టం వల్ల 1891 నుంచి అక్కడికి వెళ్లే సరుకు మీద దేశం పేరు ఉండాల్సి వచ్చింది, అందుకే అది ఉంటే మామూలుగా ఆ తర్వాతదే. పక్కన "మేడ్ ఇన్" కూడా ఉందేమో చూడండి, ఉంటే 20వ శతాబ్దం అనుకోవచ్చు. కోల్‌పోర్ట్ 1926లో స్టోక్‌కే మారిపోయింది కూడా.

పింగాణీపిచ్చి:
వయసు తగ్గిందని చిన్నబుచ్చుకోకండి, ఆ పూలు చూడండి ముందు! ముద్దలో సగం కాల్చిన పశువుల ఎముకల బూడిద, మిగతాది చైనా క్లే అనే తెల్లమట్టి, కార్నిష్ స్టోన్ అనే రాయి పొడి చెరో పావు, దానికి సాగే గుణం తక్కువ, అలాంటి ముద్దని వేళ్లతో పల్చగా నొక్కి ఒక్కో రేకా చుట్టి పువ్వు చేసేవాళ్లు. బట్టీలో మళ్లీ కుంచించుకుపోతుంది, ఎక్కడ పగులుతుందో తెలీదు. స్టోక్‌లోనే లాంగ్టన్ అనే చోట ఎయిన్స్‌లీ లాంటి కుటుంబాల పేరు మీద నడిచిన ఫ్యాక్టరీల్లోనూ ఇలాంటి పూలు చేశారు. దుమ్ముకి మెత్తటి పెయింట్ బ్రష్ చాలు, పొడిగానే. నీళ్లలో నానబెట్టొద్దు, నేనొకసారి వేడినీళ్లలో పెడితే ఎవరో ఎప్పుడో అతికించిన జిగురు ఊడి ఒక గులాబీ చేతిలోకొచ్చేసింది, ఇప్పటికీ బాధే. బంగారు అంచు ఉంటే నిమ్మకాయ, పీచు అస్సలు తగలనివ్వకండి.

చిన్నిగిన్నె:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. భూతద్దం పెట్టి చూశాను, కిరీటం పైన చిన్న అక్షరాల్లో మేడ్ ఇన్ ఉంది! బ్రష్‌తో దుమ్ము దులుపుతుంటే ఒక ఆకు కింద గ్లేజు (పైన మెరిసే గాజు పూత) లోపల వేలిముద్ర గీతలు కనిపించాయి, చాలా సన్నవి, అత్తయ్యకి ఫోన్ చేసి అదే చెప్పాను ముందు.