“నిక్కమైన మంచి నీలం”: మూడో పాదం చాటుపద్యమా, చదువ పద్యమా?

పద్యప్రియ:
వేమన పద్యంలో “నిక్కమైన మంచి నీల మొక్కటి చాలు, తళుకుబెళుకు రాలు తట్టెడేల” వరకు నాకు సందేహం లేదు. మూడో పాదమే రెండు రకాలుగా నోటికొస్తోంది. “చాటుపద్య మిలను చాలదా యొక్కటి” అని ఒకసారి, “చదువ పద్య మరయ చాలదా యొక్కటి” అని ఇంకోసారి. ఏది అసలు పాఠం?

ఆటవెలది:
యతి చూసి తేల్చలేమండీ. చా–చా, చ–చా రెండూ చెల్లుతాయి. గణాలూ అంతే, ఎటు చూసినా మూడు సూర్యగణాలు సరిపోతాయి. నేనైతే ‘చాటు’ అనే అంటాను. తట్టెడు రాళ్ళ ఎదుట ఒక్క నీలం, పెద్ద కావ్యం ఎదుట ఒక్క చాటువు, అంటే విడిగా చెప్పిన ఒంటి పద్యం. ‘చదువ’ అంటే ఆ పోలిక పల్చబడిపోతుంది.

పాతప్రతి:
పల్చబడదు, చిక్కబడుతుంది. ‘చదువ, అరయ’ అంటే చదివి, పరికించి చూస్తే అని. రాయిని పరీక్షించినట్టే పద్యాన్నీ పరీక్షించమంటున్నాడు. ‘ఇలను’ పాదం నింపడానికి వచ్చిన మాటలా ఉంది. అయినా నోటి మీద నడిచిన పద్యాలివి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే ప్రతికో పాఠం ఉంది.

నవరత్నం:
మూడో పాదం సరే, రెండోదాన్ని అందరూ వదిలేశారు. తళుకుబెళుకు రాలంటే గాజుముక్కలని చెప్పేస్తుంటారు, నేను ఒప్పుకోను. మామూలు గాజు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.5 దగ్గర, నీలానిది 1.76–1.77. గాజు దాన్ని మించి ఎలా మెరుస్తుంది? మించి మెరిసేది జిర్కాన్ అనే సహజ రత్నం. (క్యూబిక్ జిర్కోనియా వేరు, అది కృత్రిమం.) జిర్కాన్ గుణకం 1.92 నుంచి 1.98 దాకా పోతుంది. తెల్లని కాంతిని రంగులుగా విడగొట్టే శక్తి నీలానికి 0.018 అయితే దానికి 0.039. వజ్రానికే 0.044! రెండూ పక్కపక్కన పెడితే కన్ను జిర్కాన్ మీదికే పోతుంది. అదే సైజులో బరువు కూడా దానిదే ఎక్కువ: సాంద్రత నీలానికి 4, దానికి 4.7 దాకా. ఓడిపోయేది గట్టిదనంలో. మోస్ స్కేలు మీద నీలం 9, జిర్కాన్ 7.5 దగ్గర, పైగా పెళుసు. వాడగా వాడగా పలకల అంచులు చిట్లిపోతాయి, తళుకు తగ్గుతుంది. ‘నిక్కం’ అన్న మాటకి నేను చెప్పుకునే అర్థం అదే.

ఆటవెలది:
కానీ నీలిరంగు జిర్కాన్ చాలావరకు వేడిచేసి తెప్పించిన రంగే కదండీ?

నవరత్నం:
ఆయన ‘రాలు’ అన్నాడు, ‘నీలాలు’ అనలేదు. రంగులేని జిర్కాన్ సహజంగానే దొరుకుతుంది, దాన్ని వజ్రం బదులు వాడినవాళ్ళూ ఉన్నారు.

పాతప్రతి:
అలాగైతే తళుకూ బెళుకూ ఒకటి కాదు. బెళుకు చూపు అంటాం, అందులో కదలిక ఉంది. రాయిని అటూ ఇటూ తిప్పితే రంగులు చిమ్ముతాయే, అది బెళుకు. నిలకడగా ఉండే మెరుపు తళుకు. మీ అంకెల ప్రకారం నీలానికి తళుకుంది, బెళుకే తక్కువ.

నవరత్నం:
ఇది చాలా బాగుంది. జంటపదమని దాటిపోతాం గానీ, వేమన మాటలు ఊరికే పడవు. “ఉప్పు కప్పురంబు”లో చూపుకి రెండూ ఒకటే, రుచిలో తేడా. ఇక్కడ చూపులో తళుకుబెళుకు రాయే గెలుస్తుంది. ఉప్పు పద్యం కన్నా ఇది లోతైనదని నా నమ్మకం.

పద్యప్రియ:
ఉప్పు పద్యాన్ని తక్కువ చేయకండి, “పురుషులందు పుణ్యపురుషులు వేరయా” అన్న మలుపు దీన్లో ఎక్కడుంది? ఇంతకీ మూడో పాదం?

ఆటవెలది:
నేను ‘చాటు’ వదలను. కావ్యంలోని పద్యానికి ముందూ వెనకా కథ ఆసరా ఉంటుంది, చాటువు ఒంటరిగా నిలబడాలి.

పాతప్రతి:
పాదం చివర ‘ఒక్కటి’ ఉండనే ఉంది కదా, ఒంటరితనం కోసం మళ్ళీ ‘చాటు’ ఎందుకండీ?