సేలం ఉరిశిక్షలు (1692): తప్పు ధాన్యానిదా, కోర్టుదా?

పాతకాగితం:
అమెరికాలో అప్పటి ఇంగ్లండ్ వలస మాసచూసెట్స్‌లోని సేలం గ్రామం. 1692 చలికాలంలో పాస్టర్ శామ్యూల్ ప్యారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ల బెట్టీ, పదకొండేళ్ల అబిగైల్ ఒళ్లు మెలికలు తిరిగి కేకలు పెట్టారు. చేతబడి అన్నారు. ఆ సంవత్సరంలోనే 19 మందిని ఉరితీశారు. రై ధాన్యానికి పట్టిన ఎర్గాట్ బూజే దీనికి మూలం కావచ్చని 1976లో లిండా కాపొరేల్ రాశారు. నాకది సబబుగానే అనిపిస్తోంది. మీరేమంటారు?

సజ్జచేను:
సజ్జకూ ఈ జాతి తెగులే వస్తుంది, తేనెబంక అంటాం. వెన్ను మీద జిగురు చుక్కలు కారి, గింజ ఉండాల్సిన చోట నల్లగా గట్టిపడుతుంది. విత్తనాలను ఉప్పునీళ్లలో పోస్తే తెగులువి పైకి తేలతాయి, తీసి పారేస్తాం. రైకి పట్టేది వేరే రకం, అది మూర్ఛలు తెప్పిస్తుందన్నది నిజమే. కానీ అందరూ ఒకే పిండితో రొట్టె తినే ఇంట్లో పెద్దవాళ్లను వదిలేసి ఇద్దరు పిల్లలకే పడుతుందా?

కోర్టుమెట్లు:
పిల్లలకు ఏమైందన్నది ఒక ప్రశ్న. ఆ 19 మందిలో ఒకరైన రెబెకా నర్స్‌ను ఎందుకు చంపారన్నది ఇంకో ప్రశ్న. ఆమెకు 71 ఏళ్లు, చెవుడు. మంచి మనిషని 39 మంది ఇరుగుపొరుగువాళ్లు సంతకాలు పెట్టారు. జ్యూరీ మొదట నిర్దోషి అంది కూడా. ఆరోపణ చేసిన అమ్మాయిలు గోల పెట్టారు. విచారణలో ఆమె అన్న ఒక మాటను జ్యూరీ పట్టించుకుందా అని ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్ అడిగాడు. ఆ మాటకు అర్థమేమిటని జ్యూరీ పెద్ద ఆమెనే అడిగితే జవాబు రాలేదు. ప్రశ్న వినబడలేదని ఆమె తర్వాత రాసి ఇచ్చింది. అప్పటికే తీర్పు మారిపోయింది. జులై 19న ఉరి.

అక్కడ సాక్ష్యం అంటే ఏమిటో చూడండి: "ఈమె ఆకారం రాత్రి నా దగ్గరికొచ్చి గిల్లింది". ఆ రాత్రి ఆమె తన మంచం దిగలేదని నిరూపించినా లాభం లేదు, వచ్చింది ఆకారం కదా! పైగా, మంత్రగత్తెనని ఒప్పుకున్నవాళ్లను ఉరితీయలేదు. కాదన్నవాళ్లనే తీశారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

పాతకాగితం:
ఆ జడ్జీలు మాత్రం ఏ కాలంవాళ్లు? చేతబడికి ఉరి అని ఇంగ్లండ్ చట్టమే ఉండేది. ఉత్తరాన మెయిన్ ప్రాంతంలో యుద్ధం నడుస్తోంది. ఆరోపణ చేసిన మెర్సీ లూయిస్ తల్లిదండ్రులను అక్కడే పోగొట్టుకుంది. భయం నటన కాదు.

కోర్టుమెట్లు:
భయం నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ కాలంవాళ్లే తప్పు పట్టారుగా. ఒక్క అమాయకుడిని శిక్షించడం కన్నా పదిమంది అనుమానితులు తప్పించుకోవడమే మేలని బోస్టన్ పాస్టర్ ఇంక్రీజ్ మాథర్ ఆ అక్టోబర్‌లోనే రాశాడు. గవర్నర్ ఫిప్స్ ఆ కోర్టును రద్దు చేశాడు. 1693 జనవరిలో కొత్త కోర్టు ఆకారాల సాక్ష్యాన్ని పక్కన పెడితే ముగ్గురికే శిక్ష పడింది, ఫిప్స్ వాళ్లకూ ఉరి తప్పించాడు. అదే ఊరు, అదే భయం, అదే నమ్మకం.

సజ్జచేను:
ఆరోపణలు చేసినవాళ్లలో ఆన్ పట్నం అనే అమ్మాయి 1706లో చర్చిలో క్షమాపణ చెప్పింది, రెబెకా పేరు ఎత్తి మరీ. కానీ తనను మోసం చేసింది సైతానే అంది.