టర్కీ పిల్లలు నాలుగో రోజు నుంచి రాలిపోతున్నాయి, తప్పు ఎక్కడ జరుగుతోంది?

చేబ్రోలు_పెరడు:
నమస్కారం అండీ. ఒక పుంజు, మూడు పెట్టలు ఉన్నాయి, కంచు రంగువి. మాఘం నుంచి గుడ్లు పెడుతున్నాయి. ఒక పెట్ట కింద 12 గుడ్లు పెడితే 9 పిల్లలు దిగాయి. కుక్కలూ పిల్లుల భయానికి తల్లి దగ్గర నుంచి తీసి అట్టపెట్టెలో వేశాం. కింద ఊక, పైన 100 వాట్ల బల్బు పగలూ రాత్రీ. మూడు రోజులు హుషారుగానే ఉన్నాయి. నాలుగో రోజు నుంచి రెక్కలు వేలాడేసి మూలకి చేరి పోతున్నాయి, ఇప్పటికి 5. రెట్టలో రక్తం లేదు, ముక్కు కారడం లేదు. బ్రాయిలర్ ప్రీస్టార్టర్ (మొదటి రోజుల మేత), నీళ్లు ఎదురుగానే ఉన్నాయి. ఇంకో 14 గుడ్లు గదిలో దాచాం, అవి పొదగేయాలా ఆగాలా? పుంజు తొక్కితొక్కి పెట్టల వీపులు కూడా చీరుకుపోయాయి.

మంగళగిరి_నాటుకోళ్లు:
ఇది రోగం కాదండీ, ఆకలి. చచ్చిన పిల్ల మెడ కింద మేతసంచి నొక్కి చూడండి, ఖాళీగా ఉంటుంది, లేకపోతే ఊక గరగరలాడుతుంది. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు ఆదుకుంటుంది, అందుకే మూడో రోజు దాకా హుషారు. అది అయిపోయేలోపు మేత నేర్చుకోకపోతే నాలుగో రోజు నుంచి రాలతాయి. కోడిపిల్ల తనంతట తాను పొడుచుకు తింటుంది. టర్కీ పిల్లకి చూపు మందం, బుద్ధీ మందమే. మేత ముందే నిలబడి ఆకలితో చస్తుంది. తల్లి ఉంటే పొడిచి చూపించేది, మీరు తీసేశారు.

మిగిలిన నాలుగింటికి ఈ పూటే చేయండి. ఒక్కోదాని ముక్కు నీళ్లలో ముంచండి, తర్వాత మేతలో ఆనించండి. గంటకోసారి గిన్నె అంచు మీద వేలితో టకటకమని కొట్టండి, వేలు కదిలిన చోటికి వస్తాయి. నీళ్ల పళ్లెంలో రంగు గోళీలు వేయండి. మెరుపు చూసి పొడుస్తాయి, ముక్కు తడుస్తుంది, పిల్ల నీళ్లలో పడి మునిగే భయమూ ఉండదు. మేత మీద సన్నగా తరిగిన తోటకూర చల్లండి, పచ్చ రంగుకి త్వరగా ఆకర్షించబడతాయి. 10 పిల్లలకి రోజుకి ఒక ఉడికిన గుడ్డు చిదిమి, లీటరు నీళ్లకి 100 మిల్లీలీటర్ల పాలు కలిపి 15 రోజులు ఇవ్వాలి. మన ఎండకి పాలనీళ్లు మూడు గంటల్లో పులుస్తాయి, పారబోసి గిన్నె కడిగి కొత్తవి పెట్టండి.

ఊక మీద వారం రోజులు గోనెపట్టా పరవండి. పరవకపోతే మేత అనుకుని ఊకే తింటాయి. కాగితం మాత్రం వద్దు, జారి కాళ్లు రెండు పక్కలకీ చీలిపోతాయి. అట్టపెట్టె మూలలు తీసేసి అట్టని గుండ్రంగా చుట్టండి, అడుగున్నర ఎత్తు చాలు. మూల ఉంటే ఒకదాని మీద ఒకటి ఎక్కి కింది పిల్ల ఊపిరాడక పోతుంది.

గన్నవరం_చిక్‌గార్డ్:
పైన చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్ట్. బల్బు గురించి ఒక మాట. మొదటి వారం పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలు కావాలి, తర్వాత వారానికి మూడేసి తగ్గించాలి. ఈ నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో బల్బు లేకుండానే అంత వేడి ఉంటుంది. దాని మీద 100 వాట్లు వెలిగిస్తే నోరు తెరిచి రొప్పుతూ గోడలకి అంటుకుంటాయి, మేత దగ్గరికి రావు. పగలు వేడి బల్బు తీసేసి ఎల్‌ఈడీ వెలిగించండి, వెలుతురు మాత్రం ఆపకూడదు. తెల్లవారుజామున మూడు గంటలకి ఒకసారి లేచి చూడండి. బల్బు కింద ముద్దగా ఉంటే చలి, దూరంగా చెదిరిపోతే వేడి, చుట్టూ సమానంగా పడుకుంటే సరిపోయినట్టు.

ఇంకా చస్తుంటే చచ్చిన ఒక పిల్లని ఐస్ మధ్యలో పెట్టి దగ్గరలోని పశువైద్యశాలకో, గన్నవరం వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్లి కోయించండి. డీప్ ఫ్రిజ్‌లో గడ్డ కట్టించొద్దు, లోపలి భాగాలు చూడటానికి పనికిరావు.

తెనాలి_దాణా:
ప్రీస్టార్టర్ బస్తా మీద చీటీ చదివారా? సాలినోమైసిన్ గానీ నరాసిన్ గానీ రాసి ఉంటే ఆ మేత వెంటనే ఆపేయండి. బ్రాయిలర్‌కి రక్తపారుడు రాకుండా కలిపే మందు టర్కీకి విషం. కాళ్లు వెనక్కి చాపి రొమ్ము మీద పడిపోతుంది. పిల్లల కన్నా పెద్దవాటికి ఇంకా ప్రమాదం, కాబట్టి మిగిలిన మేత పెట్టలకి పోసేయకండి.

మందు లేకపోయినా ఆ మేత బలం చాలదు. బ్రాయిలర్ ప్రీస్టార్టర్‌లో మాంసకృత్తులు 23 శాతం దాకా ఉంటాయి, టర్కీ పిల్లకి మొదటి నాలుగు వారాలు 28 కావాలి. 10 కేజీల ప్రీస్టార్టర్‌కి 45 శాతం మాంసకృత్తులున్న సోయా చెక్క 3 కేజీలు కలిపితే లెక్క సరిపోతుంది. సోయా కలిపాక ఖనిజాలు, విటమిన్లు పలచబడతాయి కనుక మినరల్ మిక్చర్ కలపడం మరవకండి, లేకపోతే మూడో వారంలో కాళ్లు వంకర పోతాయి.

చవగ్గా దొరుకుతోందని మిల్లు నుంచి వేరుశనగ చెక్క తేవొద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీలు చచ్చింది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క తినే. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం బయటపడింది ఆ చావుల వల్లే. పత్తి చెక్క కూడా వద్దు.

చేబ్రోలు_పెరడు:
మేతసంచి ఖాళీగానే ఉందండీ, ఒకదాంట్లో ఊక కూడా. నాలుగూ ఇప్పుడు గోళీలు పొడుస్తున్నాయి. బస్తా చీటీ మీద సాలినోమైసిన్ ఉంది, మార్చేశాం. గుడ్ల సంగతి చెప్పండి. నాటు పెట్ట ఒకటి పొదుగు మీద ఉంది, దాని కింద పెట్టొచ్చా?

మంగళగిరి_నాటుకోళ్లు:
పెట్టొచ్చు, కానీ 6 మించొద్దు. టర్కీ గుడ్డు 85 గ్రాముల దాకా తూగుతుంది, నాటు పెట్ట రెక్కలు అంత పెద్ద గుడ్లు ఎక్కువ కప్పలేవు. మొదట టర్కీ గుడ్లు పెట్టి, సరిగ్గా ఏడు రోజులకి రెండు నాటు గుడ్లు చేర్చండి. 28 రోజులవీ 21 రోజులవీ ఒకేరోజు దిగుతాయి. నాటు పిల్ల మేత పొడుస్తుంటే టర్కీ పిల్ల చూసి నేర్చుకుంటుంది.

గన్నవరం_చిక్‌గార్డ్:
ఇక్కడ మాత్రం ఒప్పుకోను. నాటు పెట్ట, టర్కీ పిల్లలు ఒకే నేల మీద తిరిగితే బ్లాక్‌హెడ్ అనే రోగం వస్తుంది. కోడి పేగులో ఉండే చిన్న నట్ట గుడ్డులో ఆ రోగం తెచ్చే సూక్ష్మజీవి దాక్కుంటుంది. రెట్టతో నేలలో పడి ఏళ్ల తరబడి బతుకుతుంది, వానపాములూ మోస్తాయి. కోడికి పెద్దగా ఏమీ కాదు. టర్కీకి గంధకం రంగు రెట్ట, తూగు, చావు. కోస్తే కాలేయం మీద గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి.

చేబ్రోలు_పెరడు:
పోయిన ఏడాది రెండు నెలలు పెరిగినవి పసుప్పచ్చటి రెట్ట వేసి వారంలో ఆరు పోయాయి. ఎండదెబ్బ అనుకున్నాం!

మంగళగిరి_నాటుకోళ్లు:
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ నేలలో అది ఉన్నట్టే. నేర్పించడానికి పొదిగే మిషన్‌లో దిగిన ఒక రోజు కోడిపిల్లలు రెండు తెచ్చి బల్బు కిందే కలపండి. నేల తొక్కలేదు కాబట్టి వాటికి నట్టలు ఉండవు. పది రోజులయ్యాక తీసేయండి.

గన్నవరం_చిక్‌గార్డ్:
అది బాగుంది. టర్కీ పిల్లల్ని 12 వారాలు నేల తగలనివ్వకండి. మూడడుగుల ఎత్తున వెదురు మంచె కట్టి పైన జాలీ పరిస్తే రెట్ట కిందికి పడిపోతుంది. పెద్దవాటికి ఫెన్‌బెండజోల్ నట్టల మందు డాక్టరు చెప్పిన మోతాదులో వేయండి. అది నట్టని చంపుతుంది కానీ ముదిరిన బ్లాక్‌హెడ్‌ని తగ్గించదు.

ఇక దాచిన 14 గుడ్లు. వారం దాటినవి తీసేయండి, మిగతావి పొదగేయండి. మన గదుల వేడికి పిండం అరకొరగా ఎదిగి చస్తుంది. ఇకముందు కుండ అడుగున తడి ఇసుక పోసి, పైన బుట్టలో గుడ్లు పెట్టి, గుడ్డ కప్పి నీడలో ఉంచండి, సన్న మొన కిందికి. టర్కీ ఎక్కువగా మధ్యాహ్నం పెడుతుంది, సాయంత్రం ఏరకపోతే రాత్రి ముంగిసల పాలు. మిషన్ అయితే 37.5 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం. 25వ రోజు తిప్పడం ఆపి తేమ 70 దాటించండి. తేమ తగ్గితే పొర ఎండి పిల్ల పెంకు పగలగొట్టి కూడా బయటికి రాలేదు.

బందరు_రోడ్డు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. అమెరికాలో అడవి టర్కీని ఎక్కువగా వసంతంలో, అదీ పుంజునే వేటాడతారట, ఎందుకు?

తెనాలి_దాణా:
చేబ్రోలు వారి పుంజు ఇప్పుడు పెట్టల్ని వదలకపోవడానికి ఏది కారణమో అదే, జత కట్టే కాలం. పగలు పొడుగయ్యేకొద్దీ పుంజు తెల్లారకముందే చెట్టు మీద నుంచి కూస్తుంది. వేటగాడు చెక్కపెట్టె గీసి పెట్ట కూత వినిపిస్తే వెతుక్కుంటూ వస్తుంది. ఒక పుంజు చాలా పెట్టలకి సరిపోతుంది కాబట్టి కొన్ని పుంజులు పోయినా మంద తగ్గదు. రొమ్ము మీద జుట్టు కుచ్చు, దాన్ని గడ్డం అంటారు, ఉన్నదాన్నే కొట్టాలని చాలా రాష్ట్రాల్లో నియమం. 40 గజాల లోపు తలా మెడా మీదే గురి, ఈకల మీద రవ్వ సరిగా దిగదు. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోరు, అవి పుంజు తల రంగులు, ఇంకో వేటగాడు పొరబడి కాలుస్తాడు. లైసెన్సు, సీజన్ తేదీలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. ఇక్కడ మాత్రం ఆ ఊపులో కౌజుల జోలికి పోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

మంగళగిరి_నాటుకోళ్లు:
వీపుల సంగతి మిగిలిపోయింది. పుంజు గోళ్లు మొన పోయేదాకా కత్తిరించి ఆకురాయితో నున్నగా రుద్దండి. పుండు ఉన్న పెట్టల్ని రెండు వారాలు విడిగా ఉంచండి. ఒకసారి జత కట్టాక పెట్ట కడుపులో వీర్యం వారాల తరబడి నిలుస్తుంది, గుడ్లు ఉత్తవి పోవు. తర్వాత పాత జీన్స్ గుడ్డని వీపుకి సరిపడా కోసి, రెండు పక్కలా ఎలాస్టిక్ కుట్టి రెక్కల కిందుగా తొడగండి. రెక్క కింద రెండు వేళ్లు దూరాలి. బిగిస్తే రక్తం ఆడదు, వదులైతే పుంజు గోరు అందులో చిక్కుకుని ఇద్దరూ పడతారు.