కాలనీ వాన కాలువల ఖర్చు దిగువ బ్లాకుదా, అందరిదా?

డి బ్లాకు, మొదటి అంతస్తు

బెంగళూరులో ఉంటున్న తెలుగువాళ్ళు ఈ చర్చా వేదికలో చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. సర్జాపుర రోడ్డు దగ్గర మాది నాలుగెకరాల అపార్ట్‌మెంట్ సముదాయం. నాలుగు బ్లాకులు, 212 ఫ్లాట్లు. ‘ఏ’ బ్లాకు మెరక మీద ఉంది, మా ‘డి’ బ్లాకు అన్నిటికన్నా పల్లంలో ఉంది. పోయిన అక్టోబరులో ఒక రాత్రి గంటన్నర వాన కురిసింది. మా బేస్‌మెంటులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. తెల్లవార్లూ మోటారు పెట్టి తోడాం.

పొద్దున మా బ్లాకు మూలన ఉన్న వాన కాలువ చాంబరు మూతను గునపంతో లేపి చూశాం. రెండడుగుల లోతు ఉండవలసిన చోట నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలింది. పైన కానుగాకులు, పాల కవర్లు, ఒక చిన్నపిల్లవాడి చెప్పు. వాటి కింద రుబ్బిన పిండిలా మెత్తటి బూడిదరంగు బురద. ఇంకా కిందకు గునపం దింపితే ఠంగుమంది. కట్టుబడి రోజుల్లో మేస్త్రీలు కడిగి వదిలిన సిమెంటు గడ్డకట్టి అలాగే ఉండిపోయింది. అంటే మేము దిగిన నాటి నుంచి ఆ మూత ఎవరూ తెరవలేదు.

కాలువల పూడిక తీయడానికి, ఇంకుడు బావులు బాగుచేయడానికి 4,20,000 రూపాయలు అవుతుందని లెక్క తేలింది. సర్వసభ్య సమావేశంలో కొందరు అది డి బ్లాకు సమస్య కాబట్టి మా 48 ఇళ్ళవాళ్ళమే కట్టుకోవాలన్నారు. అంటే ఇంటికి 8,750. అందరూ కడితే ఇంటికి రెండు వేలు కూడా కాదు. నాకు డబ్బు కంటే ఆ మాట ఎక్కువ నొప్పి కలిగించింది. ఇది న్యాయమేనా?

ఏ బ్లాకు, ఎనిమిదో అంతస్తు

ఆ సమావేశంలో అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి నేనే జవాబు చెప్పాలి. మీ మీద కోపం లేదు. కానీ పల్లంలో ఉందని తెలిసే మీరు కొన్నారు, ధర కూడా మాకంటే తక్కువ పడింది. మా ఊరు హిందూపురం దగ్గర. అక్కడ చెరువు పూడిక తీసేది, కట్ట వేసేది దాని కింద ఆయకట్టు ఉన్న రైతులే. ఎవరికి మేలో వాళ్ళే పని చేసుకుంటారు. ఆయకట్టు లేనివాడిని పిలిచి పార పట్టమనరు.

పైగా మనం ఆస్తి పన్ను కడుతున్నాం. వాన నీటి కాలువలు చూడవలసింది నగర పాలిక. తప్పుగా కట్టింది బిల్డరు. వాళ్ళిద్దరినీ వదిలేసి ఇరుగుపొరుగు జేబులు తడమడం నాకు నచ్చడం లేదు.

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాడిని

ముప్ఫై ఏళ్ళు కృష్ణా డెల్టాలో కాలువల మీదే తిరిగాను. ఆయకట్టు ఉదాహరణ ఇక్కడ నప్పదండీ. చెరువు నీళ్ళు ఇస్తుంది, మురుగు కాలువ నీళ్ళు తీసుకుపోతుంది. ఇచ్చేదానికి లాభం పొందినవాడు కడతాడు, సరే. తీసుకుపోయేదానికి నీళ్ళు పంపినవాడు కూడా కట్టాలి. డెల్టాలో మురుగు నీటి పారుదల కోసమే 1968లో ప్రత్యేకంగా పన్ను చట్టం తెచ్చారు, డెల్టా భూముల మీద వేసిన పన్ను అది.

లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. నాలుగెకరాలంటే సుమారు 16,000 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే ఎనిమిది లక్షల లీటర్లు. కప్పులు, సిమెంటు దారులు, టైల్సే ఎక్కువ కాబట్టి అందులో చాలా భాగం ఇంకదు, పారుతుంది. 12,000 లీటర్ల ట్యాంకర్లు యాభై ఒకేసారి డి బ్లాకు గుమ్మంలో గుమ్మరించినట్లు. ఆ నీళ్ళలో డి బ్లాకు కప్పు మీద పడినవెన్ని? ముప్పావు వంతు పై మూడు బ్లాకులవే. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. పల్లంలో ఉన్నవాడు ఆ నీళ్ళను పిలవలేదు.

బెంగళూరు కథ కూడా ఇదే. ఈ ఊరు గుట్ట మీద ఉంది, దగ్గర్లో పెద్ద నది లేదు. అందుకే పూర్వీకులు వాలు వెంట చెరువు కింద చెరువు కట్టి, పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా రాజకాలువలతో, అంటే పెద్ద వాన నీటి కాలువలతో కలిపారు. మీ వైపు నీళ్ళు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకిని నదిలోకి పోతాయి. ఆ గొలుసులో ఒక్క ముడి పూడితే దాని పైవాళ్ళు మునుగుతారు. మీ నాలుగెకరాల్లో ఆ ముడి డి బ్లాకు మూలన ఉన్న చాంబరు.

హిందూపురం మిత్రులు నీరుగంటిని మరిచిపోయినట్లున్నారు. తూము తీయడం, మూయడం, కాలువలో చెత్త అడ్డుపడితే రాత్రయినా వెళ్ళి తీయడం ఆయన పని. పంట ఇంటికి రాగానే కళ్ళంలో ఆయన వాటా కొలిచి ఇచ్చేవాళ్ళు. అపార్ట్‌మెంట్లలో లిఫ్టుకు మనిషి ఉన్నాడు, జనరేటరుకు ఉన్నాడు, కాలువకు మాత్రం లేడు.

సి బ్లాకు, నిరుటి కోశాధికారి

పెద్దాయన చివర అన్న మాట అక్షరాలా నిజం. ఖాతా పుస్తకాలు రెండేళ్ళు నా దగ్గర ఉన్నాయి. లిఫ్టుకు, మురుగు శుద్ధి ప్లాంటుకు, జనరేటరుకు ఏడాది ఒప్పందాలు ఉన్నాయి. వాన నీటి చాంబర్ల పేరు ఏ ఒప్పందంలోనూ లేదు. పారిశుద్ధ్య ఒప్పందంలో "దారులు ఊడ్చుట" అని ఉంది. వాళ్ళు రోజూ పొద్దున్నే శుభ్రంగా ఊడుస్తారు, ఊడ్చిన ఆకులను దగ్గర్లో ఉన్న వాన కాలువ జాలీలోకి తోసేస్తారు. వాళ్ళ తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. ఒక బస్తా ఇచ్చి అందులో ఎత్తమంటే చాలు. రూపాయి ఖర్చు లేని పని, ఆ మాట ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

బిల్డరు సంగతి. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకు తెచ్చిన రెరా చట్టం కింద కట్టడంలో లోపాలకు స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్ళు బాధ్యత ఉంటుంది. మనకు ఆ ఐదేళ్ళు దాటిపోయాయి. కాలువల నక్షా ఇవ్వమని రెండుసార్లు రాశాను, ఇప్పటికీ రాలేదు. అనుమతి పత్రంలో 14 ఇంకుడు బావులు చూపించారు. వెతికితే తొమ్మిది కనిపించాయి. రెండింటి మీద పార్కింగు టైల్సు పరిచేశారు. మిగిలినవి తవ్వారో లేదో చెప్పలేను.

ఇంకొకటి. లిఫ్టు ఎక్కని మొదటి అంతస్తువాళ్ళు కూడా లిఫ్టు ఖర్చు సమానంగా కడుతున్నారు. ఎనిమిదో అంతస్తువాళ్ళను వేరుగా కట్టమని వాళ్ళెన్నడూ అడగలేదు.

అద్దెకుంటున్నవాళ్ళం

మా ఇంటి యజమాని వేరే దేశంలో ఉన్నారు. మెయింటెనెన్సు మేమే కడతాం, సమావేశంలో మాట్లాడే హక్కు మాత్రం లేదు. ఆ రాత్రి మునిగిన కార్లలో మాది ఒకటి. పైకి తెచ్చుకుందామని వెళ్ళేసరికి తలుపు సగం వరకు నీళ్ళున్నాయి. అడుగుతున్నది ఒక్కటే: ఎవరు కట్టినా కట్టండి, ఏప్రిల్ లోపల కట్టండి.

ఏ బ్లాకు, ఎనిమిదో అంతస్తు

లిఫ్టు మాట ఒప్పుకుంటున్నాను, దానికి నా దగ్గర జవాబు లేదు. నీళ్ళ లెక్క కూడా నేనెప్పుడూ అలా ఆలోచించలేదు.

కానీ అసలు సందేహం ఎవరూ తీర్చలేదు. 2022 సెప్టెంబరు గుర్తుందా? ఒక్క రాత్రిలో 130 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. అవుటర్ రింగ్ రోడ్డు చెరువైంది, కోట్ల విలువ చేసే విల్లాల నుంచి మనుషులను ట్రాక్టర్లలో, పడవల్లో తీసుకొచ్చారు. వాళ్ళు లోపలి కాలువలు శుభ్రం చేసుకోలేదా? చేసుకునే ఉంటారు. బయట రాజకాలువ నిండి పొంగితే లోపల ఎంత తుడిచి పెట్టుకున్నా ఏం లాభం? నాలుగు లక్షలు పోసి మళ్ళీ మునిగితే అప్పుడు ఎవరిని అడగాలి?

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాడిని

ఇది సరైన ప్రశ్న. అలాంటి వాన పడితే లోపలి కాలువ ఒక్కటే కాపాడలేదు, నేను అబద్ధం చెప్పను. కానీ పోయిన అక్టోబరులో మీ బయటి కాలువ పొంగిందా? రాసినదాన్ని బట్టి లోపలి చాంబరే మూసుకుపోయింది. ఏటా నాలుగైదుసార్లు పడే వానకు మునగడం వేరు, పదేళ్ళకొకసారి పడే వానకు మునగడం వేరు.

బయటి నీళ్ళు వెనక్కి తన్నకుండా మీ కాలువ బయటకు కలిసే చోట ఒకవైపే తెరుచుకునే రెక్క తలుపు పెట్టించండి. నీళ్ళు బయటకు పోతుంటే తెరుచుకుంటుంది, బయటి మట్టం పెరిగితే మూసుకుంటుంది. దాని అంచున ఒక కొబ్బరి బొండం ఇరుక్కున్నా మూసుకోదు, కాబట్టి దాన్ని కూడా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. అది మూసుకున్నంతసేపు లోపల పడే నీళ్ళు ఎక్కడికి పోవాలి? ఇంకుడు బావుల్లోకి, సంపులోకి. అందుకే బావులు బతికి ఉండాలి.

బి బ్లాకు, గృహిణిని

బావుల గురించి నేను చెబుతాను, ఎందుకంటే నేను దగ్గరుండి చూశాను. మార్చిలో మా బ్లాకు వెనక బావి ఒకటి తెరిపించాం. వచ్చినవాళ్ళు మన్ను వడ్డర్లు, తరతరాలుగా బావులు తవ్వే కుటుంబాలు. మాట కలిపితే తెలుగే, కొంచెం యాస వేరు. మూడడుగుల వెడల్పు, పాతికడుగుల లోతు, సిమెంటు ఒరలు. వాళ్ళలో పెద్దాయన దిగి అడుగున ఉన్న కంకర మీద చెయ్యి పెట్టి, పిడికెడు మన్ను పైకి పంపించారు. మీగడలా మెత్తగా, నల్లగా ఉంది. "అమ్మా, కింద భూమి బాగుంది, నీళ్ళు తాగుతుంది. ఈ పొర దాని నోరు కట్టేసింది" అన్నారు. బావి ముందు ఉండే మట్టి తొట్టి ఎప్పుడో నిండిపోయిందట, అందుకే ఆ మన్నంతా నేరుగా బావిలోకి దిగింది. తొట్టి ఏడాదికి రెండుసార్లు తోడితే బావి జోలికి చాలా ఏళ్ళు పోనక్కర లేదన్నారు. ఆ పొర గీసి, కంకర కడిగి మళ్ళీ వేశారు. మే నెలలో మొదటి పెద్ద వానకు నేను టార్చి వేసి చూశాను. సాయంత్రం ఒరల సగానికి ఉన్న నీళ్ళు పొద్దునకు లేవు.

నాకు రెండు పట్టింపులు ఉన్నాయి. ఒకటి, పోయినసారి ఒక మురుగు చాంబరులోకి ఒక కుర్రవాడిని తాడు లేకుండా, చేతికి తొడుగు లేకుండా దింపారు. మురుగు కలిసిన గుంటలో విషవాయువు ఉంటుంది. 2013 చట్టం మురుగు గుంటల్లోకి మనిషిని అలా దింపడాన్ని నిషేధించింది. యంత్రంతో తోడించాలి. ధర తక్కువని ఎవరి బిడ్డనో దింపితే ఆ పనికి నేను రూపాయి ఇవ్వను. రెండు, శుద్ధి ప్లాంటు నిండినప్పుడు మురుగు నీళ్ళు వాన కాలువలోకి వదులుతున్నారు. వాసనే చెబుతుంది. అది ఆపకుండా ఆ నీళ్ళను ఇంకుడు బావికి కలిపితే మన బోర్లలోకి మనమే మురుగు పోసుకున్నట్లు.

డి బ్లాకు, మొదటి అంతస్తు

అందరికీ నమస్కారాలు. ఇవన్నీ చదివాక నా ప్రతిపాదన మార్చుకున్నాను.

4,20,000 రూపాయలను ఫ్లాటు విస్తీర్ణాన్ని బట్టి అందరం కడదాం. ఆ తర్వాత ఏటా తొట్లు, చాంబర్లు, రెక్క తలుపు చూసుకోవడానికి 84,000 అవుతుంది. సగటున ఇంటికి నెలకు 33 రూపాయలు. 2024 మార్చిలో బోర్లు ఎండినప్పుడు ప్రభుత్వం ట్యాంకర్లకు ధర కట్టింది, ఐదు కిలోమీటర్ల లోపైతే 12,000 లీటర్లకు వెయ్యి రూపాయలు. ఈ ఊళ్ళో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు కురుస్తుంది. పెద్దాయన లెక్క ప్రకారం మన నాలుగెకరాల మీద పడేది కోటిన్నర లీటర్లు దాటుతుంది, వెయ్యికి పైగా ట్యాంకర్లు. అందులో నాలుగో వంతు భూమిలోకి దింపగలిగినా చాలు. ఆ ఎండాకాలం ‘ఏ’ బ్లాకువాళ్ళు కూడా బకెట్లతో క్యూలో నిలబడ్డారు, పక్కన నేనూ ఉన్నాను.

నిర్ణీత విస్తీర్ణం దాటిన స్థలాల్లో వాన నీటి సేకరణను నగరానికి నీళ్ళిచ్చే జలమండలి 2009లోనే తప్పనిసరి చేసింది. కాబట్టి బావులు డి బ్లాకు సొంత విషయం ఎలాగూ కాదు.

ఏ బ్లాకు, ఎనిమిదో అంతస్తు

ఆ క్యూ నాకు గుర్తుంది. మీరు మా అమ్మగారి బకెట్టు కూడా మోశారు.

విస్తీర్ణం లెక్క మీద నాకింకా అభ్యంతరం ఉంది, పెద్ద ఫ్లాటు అయినంత మాత్రాన ఎక్కువ వాన పడదు. ఇంటికి సమానంగా అంటే ఓటు వేస్తాను. మూడు షరతులు. ఈ డబ్బుకు వేరే ఖాతా ఉండాలి. బయటి కాలువ పూడిక తీయమని అసోసియేషన్ తరఫున పాలికకు రాతపూర్వకంగా ఫిర్యాదు వెళ్ళాలి, నంబరు వచ్చేవరకు నేనే తిరుగుతాను. బి బ్లాకు అమ్మగారు చెప్పిన యంత్రం మాట ఒప్పందంలో రాయాలి.

సి బ్లాకు, నిరుటి కోశాధికారి

ఇంటికి సమానంగా అయితే 1,981 రూపాయలు. నాకు సమ్మతమే. ఆదివారం ఉదయం ఏడింటికి మూతలన్నీ లేపి, ఏ చాంబరు ఎక్కడ ఉందో నక్షా మనమే గీసుకుందాం. ఎవరూ లోపలికి దిగవద్దు, పై నుంచే చూసి లోతు కొలుద్దాం. ‘ఏ’ బ్లాకు దగ్గర మొదలుపెట్టి నీళ్ళు పారే దారినే కిందకు వద్దాం.

అద్దెకుంటున్నవాళ్ళం

నా దగ్గర పొడవాటి టేపు, పెద్ద టార్చి ఉన్నాయి. నాకు ఓటు లేకపోయినా వస్తాను.