మిలిటరీ తాతగారి జీవితం పుస్తకంగా వేయాలి: మెడల్స్, ఉత్తరాల నుంచి ఏం తేల్చుకోవచ్చు?

గూడెం మనవరాలు:
మా తాతగారు మద్రాస్ సాపర్స్‌లో (సైన్యంలోని ఇంజనీర్ల దళం) చేశారు. 1963లో చేరి 1985లో సుబేదారుగా రిటైరయ్యారు. సంవత్సరీకానికి ఓ చిన్న పుస్తకం వేసి బంధువులకి పంచాలని ఉంది. డిశ్చార్జి బుక్కు, మెడల్స్, ట్రంకుపెట్టె నిండా ఉత్తరాలు, ఫొటోలు ఉన్నాయి. 71లో ఢాకా వెళ్లారనీ, పారాచూట్‌తో దూకారనీ, హిమాలయాలెక్కారనీ ఇంట్లో తలో మాటా చెబుతారు. ఏది రాయొచ్చో ఎలా తేల్చాలి? ఉత్త యుద్ధాల చిట్టా కాకుండా ఇంటిమనిషిగా కూడా ఆయన కనబడాలండి.

పాత ఫైళ్లు:
ముందు మెడల్స్‌తో మొదలుపెట్టండి. దయచేసి పాలిష్ పెట్టి తోమకండి. అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు ఉంటాయి, తోమితే మొదట అరిగిపోయేవి అవే. స్టార్‌లకైతే (నక్షత్రం ఆకారపు మెడల్స్) వెనకవైపు చూడండి. టార్చి పక్కనుంచి వేసి భూతద్దంలో చూస్తే మసకబారిన అక్షరాలు కూడా తేలతాయి.

1971 యుద్ధానికి మూడు మెడల్స్ ఉన్నాయి. సంగ్రామ్ మెడల్ అప్పుడు సర్వీసులో ఉన్న దాదాపు అందరికీ వచ్చింది, కాబట్టి అదొక్కటే చూసి ‘యుద్ధరంగంలో పోరాడారు’ అని రాయడం తప్పు. పూర్వీ స్టార్ తూర్పు రంగానిది, పశ్చిమీ స్టార్ పడమటి రంగానిది. పూర్వీ స్టార్ లేకపోతే ఢాకా మాట వదిలేయండి. ఉన్నా అది ఢాకా దాకా వెళ్లారనడానికి రుజువు కాదు, తూర్పున ఉన్నారనడానికే. 1965 యుద్ధానికీ ఇదే తేడా: సమర్ సేవా స్టార్ యుద్ధరంగానికి, రక్షా మెడల్ మిగతావాళ్లకి కూడా. సైన్య సేవా మెడల్ ఉంటే రిబ్బను మీది పట్టీపై ప్రాంతం పేరు హిందీలో ఉంటుంది.

పశ్చిమీ స్టార్ అని తేలితే ఇంట్లోవాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. పడమటి రంగంలో శకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మందుపాతరల మధ్య ట్యాంకులకి దారి తీసింది సాపర్లే. అక్కడున్నది తొమ్మిదో ఇంజనీర్ రెజిమెంటు. మీ తాతగారి యూనిట్ అదేనా అన్నది డిశ్చార్జి బుక్కులో చూశాకే ఆ పేరా రాయండి.

ఇన్‌లాండ్ లెటర్:
ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) నంబరు ఉంటుంది. 56 ఏపీఓ ఢిల్లీ మీదుగా, 99 ఏపీఓ కలకత్తా మీదుగా వెళ్లేవి. 1971 నవంబరు, డిసెంబరు ఉత్తరాలు ఏరి చూడండి, తూర్పో పడమరో అక్కడే తేలుతుంది. ఇంటినుంచి వెళ్లిన ఉత్తరాలు లెక్కలోకి తీసుకోకండి. యూనిట్ కదిలిన కొత్తలో అవి పాత అడ్రసుకే పోతాయి. ఆయన రాసినవే సాక్ష్యం.

పారాచూట్ సంగతికి డిశ్చార్జి బుక్కులో కోర్సుల పేజీ చూడాలి. ఆగ్రాలో బేసిక్ కోర్సుకి ఐదు జంపులు, అందులో ఒకటి రాత్రిపూట. అది పాసైతే యూనిఫారం ఫొటోల్లో రెక్కల బ్యాడ్జి కనబడాలి. పర్వతారోహణకైతే డార్జిలింగ్ లేదా ఉత్తరకాశీ సంస్థ సర్టిఫికెట్టు, గ్రేడుతో సహా ఉంటుంది. అది లేకపోతే లడఖ్‌లో రోడ్డు పనికో బ్రిడ్జి పనికో వెళ్లి ఉండొచ్చు. అదీ తక్కువ సాహసం కాదు, కానీ ‘శిఖరాలు అధిరోహించారు’ అని మాత్రం రాయకండి.

ఫొటోకి వెనక తేదీ లేకపోతే చొక్కా చేతి మీది V ఆకారపు ర్యాంకు పట్టీలు లెక్కపెట్టండి. లాన్స్ నాయక్‌కి ఒకటి, నాయక్‌కి రెండు, హవల్దారుకి మూడు. ప్రమోషన్ తేదీలతో కలిపితే ఫొటో ఏ ఏళ్ల మధ్యదో వచ్చేస్తుంది. స్కానింగ్ 600 డీపీఐలో చేయండి. డిశ్చార్జి బుక్కుని లామినేట్ చేయించొద్దు.

పాత ఫైళ్లు:
ఖాళీలు మిగిలితే బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్స్ అంటే ఇదే) రికార్డ్స్ ఆఫీసుకి రాయండి. నంబరు, ర్యాంకు, డిశ్చార్జి తేదీ, మరణ ధ్రువపత్రం నకలు, మీ బంధుత్వం రాసి, ‘పనిచేసిన యూనిట్లు, తేదీలు’ మాత్రమే అడగండి. ‘అన్ని వివరాలూ పంపండి’ అంటే ఫైలు కదలదు.

కాలనీ టైపిస్టు:
ఇంటి సంగతికి మిలిటరీ కాగితాలే పనికొస్తాయి. పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్లలో (సిపాయి వివరాల్లో మార్పులు నమోదు చేసే యూనిట్ ఆర్డర్లు) ఎక్కుతాయి. పిల్లల స్కూలు టీసీలు తీయండి. ఏ ఊళ్లో కేంద్రీయ విద్యాలయంలో చదివితే అప్పుడు ఆయన అక్కడ కుటుంబంతో ఉన్నట్టే సాధారణంగా. టీసీలన్నీ సొంతూరివైన ఏళ్లు ఫీల్డ్ పోస్టింగువి అయ్యుంటాయి, అప్పుడు ఇల్లు నడిపింది మామ్మగారు. అప్పటి మనియార్డరు ఫారం అడుగున సందేశం రాసే కాస్త చోటు ఉండేది. ఆ కూపన్లు దాచి ఉంటే ఒకటి అచ్చంగా ఫొటో తీసి వేయండి. ఫీజు కట్టమనో, గేదెను అమ్మొద్దనో ఆయన చేత్తో రాసిన రెండు ముక్కలు ఓ పేజీ పొగడ్త కన్నా ఎక్కువ చెబుతాయి.

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: సంవత్సరం, యూనిట్, ఊరు, ఇంట్లో ఏం జరిగింది. మామ్మగారిని అడిగేటప్పుడు ‘తాతగారి గురించి చెప్పండి’ అనకండి, ‘పెద్దమామయ్య పుట్టినప్పుడు ఆయనెక్కడున్నారు?’ అనండి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే పేజీలు నాలుగు చొప్పున పెరగాలి: 16, 20, 24. సర్వీసు నంబరు, పెన్షన్ ఆర్డరు నంబరు కనబడే పేజీలు అచ్చుకిచ్చే ముందు ఆ భాగం మూసేయండి. గౌరవ హోదా వచ్చి ఉంటే ‘హానరరీ లెఫ్టినెంట్’ అని పూర్తిగా రాయండి.

గూడెం మనవరాలు:
మెడల్ చూశానండి, పశ్చిమీ స్టారే. ఉత్తరాల మీద 56 ఏపీఓ. ఢాకా పేరా తీసేస్తున్నా. కోర్సుల పేజీలో ఆగ్రా ఉంది.