యూటాలో వైల్డర్‌నెస్ థెరపీ గైడ్ ఉద్యోగం: రాత్రి పిల్లల బూట్లు తీసి పెట్టుకోవడం సబబేనా?

తెనాలమ్మాయి_ఫీనిక్స్
మా తమ్ముడు సైకాలజీ డిగ్రీ అయ్యాక దక్షిణ యూటా ఎడారిలో వైల్డర్‌నెస్ థెరపీ (పిల్లల్ని ఆరుబయట ఉంచి చేసే మానసిక చికిత్స) ప్రోగ్రామ్‌లో ఫీల్డ్ గైడ్ పనికి అప్లై చేస్తే రమ్మన్నారు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలు. డిప్రెషన్, చేతులు కోసుకోవడం, గంజాయి, బడి మానేయడం లాంటి ఇబ్బందులతో వస్తారట, 8 నుంచి 12 వారాలు టార్పుల (మందపాటి పట్టాల) కింద ఉంటారట. గైడ్లకు 8 రోజులు పని, 6 రోజులు సెలవు. ట్రైనింగ్ కాగితాల్లో ఒక రూలు చూసి వీడు ఆగిపోయాడు: పడుకునే ముందు పిల్లలందరి బూట్లూ తీసుకుని గైడ్ తల దగ్గర పెట్టుకోవాలి. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి, చేరమనమంటారా?

కొండదారి
చేరమనండి. బూట్లు తీసుకునేది శిక్షగా కాదు. పిల్లలు పారిపోయేది ఎక్కువగా రాత్రే, అదీ మొదటి వారంలో. దూరంగా హైవే లైట్లు కనబడతాయి, దగ్గరే అనుకుంటారు, నీళ్లు లేకుండా బయల్దేరతారు. పగలు మాడ్చే ఎడారే రాత్రి వణికిస్తుంది. బూట్లు లేకపోతే ఆ పిల్లాడు లేచి నాలుగడుగులు వేసి ఆలోచిస్తాడు, ఆ సందులో గైడ్‌కి మెలకువ వస్తుంది.

పద్ధతి ఇది. ఒక్కో జత లేసులు కలిపి ముడేసి, పేరున్న సంచిలో పెట్టి, అన్నీ ఒకేచోట ఉంచాలి. కాళ్లకు క్యాంపు చెప్పులు మాత్రం తప్పకుండా వదలాలి. రాత్రి బయటికి వెళ్లాలంటే పిల్లలు గైడ్‌ని లేపాలి. చాటుకి వెళ్లినవాళ్లు కొన్ని సెకన్లకోసారి తమ పేరు పైకి అంటూ ఉండాలి, గొంతు ఆగితే గైడ్ వెళ్లి చూస్తాడు. చనిపోవాలన్న ఆలోచన ఉన్న పిల్లలకు ఇంకో మెట్టు ఉంటుంది: స్లీపింగ్ బ్యాగు మీద టార్పు కప్పి, రెండంచుల మీద ఇద్దరు గైడ్లు పడుకుంటారు, కదిలితే తెలుస్తుంది.

ఎర్రమట్టి
కొండదారి గారూ, అర్ధరాత్రి ఎగువన వాన పడి వాగు పొంగితే ఎనిమిది మంది పిల్లలకు చీకట్లో ఎనిమిది సంచులు వెతికి పంచుతారా? అక్కడి లోయల్లో వరద రావాలంటే మన నెత్తిన వాన పడక్కర్లేదు. క్యాంపు చెప్పులతో రాళ్లెక్కితే చీలమండ బెణుకుతుంది, ముళ్లు దిగుతాయి. భద్రత అంటున్న పనే ప్రమాదం తెస్తోంది.

ఇక ఆ టార్పు సంగతి. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలైనాలో ఇలాంటి ప్రోగ్రామ్‌లో 12 ఏళ్ల పిల్లాడు మొదటి రాత్రే చనిపోయాడు. లేస్తే మోగేలా అలారం కట్టిన బివీలో (ఒక్కరే పట్టే చిన్న గుడారంలో) పడుకోబెట్టారు. ఊపిరాడక పోయాడని మెడికల్ ఎగ్జామినర్ తేల్చారు, రాష్ట్రం లైసెన్సు రద్దు చేసింది. దాన్నీ "కదిలితే తెలియడానికే" వాడారు.

కొండదారి
వాగు గట్టున క్యాంపు వేసేవాడు గైడే కాదు. ఆ తప్పుకు బూట్లను అనకండి. బివీలో మూసెయ్యడం వేరు, ముఖం తెరిచి ఉంచి పక్కన మనిషి పడుకోవడం వేరు, రెంటినీ ఒక గాటన కట్టొద్దు. టార్పు భుజాల దాకానే రావాలి, తల మీదికి రాకూడదు. మా ట్రైనింగుల్లో మొదటి రోజు చెప్పే మాట ఇదే.

బోస్టన్_బావ
బూట్లు ఇచ్చేయండి, లేసులు తీసుకోండి. సరిపోతుంది కదా.

కొండదారి
బావగారూ, లేసు మెడకి చుట్టుకునే పిల్లలున్న చోట లేసులు ఎలాగూ తీసుకుంటాం. లేసుల్లేని బూటుతో కూడా బాగానే పరిగెత్తొచ్చు.

నర్సక్క_సాల్ట్‌లేక్
బూట్ల దగ్గరే ఆగిపోయారు. తెనాలమ్మాయి గారి తమ్ముడికి అంతకన్నా పనికొచ్చేవి మందులు, నీళ్లు.

ఇలా వచ్చే పిల్లల్లో చాలామంది మందుల మీద ఉంటారు. లిథియం (మూడ్ మార్పులకి ఇచ్చే మందు) వాడే పిల్లకి ఎండలో చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. పైగా మోకాళ్ల నొప్పికని గైడ్ ఐబుప్రోఫెన్ ఇస్తే ఇంకా పెరుగుతుంది. చేతుల వణుకు ఎక్కువవడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనబడితే "నడవలేక నాటకం" అనుకోకండి, ఆ పూటే క్యాంపు నుంచి డాక్టరు దగ్గరికి దించండి. కొన్ని సైకియాట్రీ మందులు చెమటని తగ్గిస్తాయి, అలాంటి పిల్లలకు ఎండదెబ్బ త్వరగా తగులుతుంది. క్లోనిడిన్ (బీపీ తగ్గించే మందు) వేసుకునేవాళ్లకు సంచి తడిసి మాత్రలు పాడై ఒక్కసారిగా ఆపేస్తే బీపీ ఎగబాకుతుంది. అందుకే మందుల సంచికి తాళం, లోపల నీళ్లు చొరని డబ్బా, మాత్ర మింగాక నోరు చూడడం, టైమ్ రాసి సంతకం పెట్టడం.

నీళ్లు: యూటా నియమం ప్రకారం మనిషికి రోజుకి కనీసం 6 క్వార్ట్‌లు, అంటే దాదాపు 5.7 లీటర్లు, అందుబాటులో ఉంచాలి, నడక ఉంటే ఇంకా. అందుబాటులో ఉంచాలి అంటే బలవంతంగా పట్టించాలని కాదు. వరసగా నిలబెట్టి లీటరు గటగటా తాగించడం కొన్నిచోట్ల అలవాటు. ఉప్పు లేకుండా అలా తాగిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక వస్తాయి, చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, మళ్లీ నీళ్లే పడతారు. పొట్ట ఉబ్బి, మూత్రం నీళ్లలా తెల్లగా చాలాసార్లు పోతుంటే నీళ్లు ఆపి, ఉప్పగా ఉండే తిండి పెట్టి, రేడియోలో పిలవండి. తికమక మొదలైతే ఆలస్యం చేయొద్దు.

గోదారి_గట్టు
అక్కా, ఈ పోస్టు ప్రింట్ తీసి పెట్టుకుంటున్నా.

సేజ్‌బ్రష్
ఇంత భయపెడితే ఎవరూ చేరరు. ఈ పనిలో మంచి కూడా చెప్పండి. విల్లుతో నిప్పు రాజేయడం నేర్పుతారు. సేజ్‌బ్రష్ అనే ఎడారి పొద కొమ్మతో కదురు, అదే కర్రతో పలక, పలక అంచున సన్నటి కోత, కింద పొడి పట్టడానికి ఆకు, జునిపర్ బెరడు నలిపి గూడు. కదురు కీచుమంటే రెండు చెక్కలూ నున్నబడ్డాయని అర్థం, చిటికెడు ఇసుక వేసి గరుకు చేయాలి. పొడి నల్లబడి, విల్లు ఆపాక కూడా పొగ వస్తుంటే నిప్పురవ్వ పుట్టినట్టు. అప్పుడు తొందరపడి ఊదితే చెదిరిపోతుంది. ఎన్నో వారాలు రాని పిల్లకి నిప్పు వచ్చిన రోజు ఆమె ముఖం చూడాలి. ఏ కౌన్సెలింగ్ గదిలోనూ ఇది దొరకదు.

ఎర్రమట్టి
నిప్పు రానన్నాళ్లూ ఆ పిల్ల ఏం తిన్నదో కూడా చెప్పండి. కొన్ని ప్రోగ్రాముల్లో నిప్పు రాజేస్తేనే వేడి తిండి, లేకపోతే చల్లని ఓట్సు, నానబెట్టిన పప్పు. తిండిని ముడిపెట్టాక అది విద్య కాదు, బేరం.

డాలస్_నాన్న
ఎర్రమట్టి గారూ, ఇంట్లో 15 ఏళ్ల పిల్లాడు తలుపు వేసుకుని లోపల ఏం చేసుకుంటున్నాడో తెలియక రాత్రులు గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్లకి ఈ తర్కం చెప్పండి. ఆసుపత్రి వారంలో పంపించేసింది. రోజుకి 500 డాలర్ల పైన ఇన్సూరెన్స్ లేకుండా సొంత డబ్బు కట్టాం. బతికున్నాడు. బూట్లు తీసుకున్నారా లేదా అన్నది నాకు లెక్కలేదు.

ఎర్రమట్టి
మీ పిల్లాడు బతికున్నందుకు నిజంగా సంతోషం. నేను తల్లిదండ్రుల్ని అనడం లేదు. అతన్ని అడిగే పంపారా?

డాలస్_నాన్న
అడిగితే వెళ్తాడా?

కొండదారి
ఎర్రమట్టి గారికి గైడ్లంటే జైలర్లు, అంతే. ఎండలో వానలో పిల్లల పక్కనే నేల మీద పడుకుని, రోజూ సాయంత్రం ఒక్కొక్కరి పాదాలు చేతిలోకి తీసుకుని పొక్కులు, తడికి నానిన చర్మం చూసి పొడి మేజోళ్లు తొడిగేవాళ్లని ఇలా అనడం అన్యాయం. ఎడారి చూడనివాళ్లు కీబోర్డు ముందు కూర్చుని రాసే మాటలు ఇవి.

ఎర్రమట్టి
జైలర్ అన్నమాట నేను వాడలేదు, మీ నోటి నుంచే వచ్చింది. సరే, అసలు సంగతికే వస్తాను. నా గొడవ బూట్లతో కాదు. పిల్లాడి మాట చెల్లదు అన్న సూత్రంతో. తెల్లవారుజామున ఇద్దరు ముక్కూముఖం తెలియని మనుషులు గదిలోకొచ్చి లేపి తీసుకొస్తారు. ఎన్నాళ్లుంటాడో, రేపు ఎటు నడుస్తారో, టైమెంతో చెప్పరు. "నాకు కడుపునొప్పి" అంటే తప్పించుకోవడానికే అంటున్నాడని గైడ్‌కి ముందే నేర్పి ఉంటారు.

1994లో యూటాలోనే ఎస్కలాంటే ఊరి దగ్గర 16 ఏళ్ల అబ్బాయి అలాగే పోయాడు. అల్సర్ చిల్లుపడి పొట్టంతా చీము. రోజుల తరబడి నొప్పి అన్నాడు, బరువు కళ్లముందే కరిగిపోయింది, నటన అన్నారు. 1990లో అక్కడికి దగ్గర్లోని కైపరోవిట్స్ పీఠభూమి మీద 16 ఏళ్ల అమ్మాయి నడకలో ఎండదెబ్బకి పోయింది. ఆ గైడ్లు క్రూరులు అయి ఉండక్కర్లేదు. నమ్మొద్దని నేర్చుకున్నారు.

నర్సక్క_సాల్ట్‌లేక్
దీనికి ఒక్కటే మందు: నమ్మాలా వద్దా అన్న నిర్ణయం గైడ్ చేతిలో పెట్టొద్దు. నొప్పి అన్న ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నాలుగు వైపులా నొక్కి చూడాలి. పొట్ట చెక్కలా గట్టిపడినా, నొక్కి వదిలినప్పుడు నొప్పి పెరిగినా, జ్వరం ఉన్నా, తిన్నది ఇమడకపోయినా దించేయాలి. నాడి, ఊపిరి, ఒంటి వేడి టైమ్‌తో రాసి, గంటకోసారి మళ్లీ చూడాలి. నటిస్తున్నాడని తేలినా పోయేది ఒక జీపు ట్రిప్పు.

కొండదారి
ఇది ఒప్పుకుంటాను. 80 గంటల వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ (ఆసుపత్రికి దూరంగా ఉన్నచోట చేసే అత్యవసర చికిత్స) కోర్సు చేసినవాళ్లు ఇదే చేస్తారు, చేయాలి. 2021లో యూటా చట్టం మార్చి, పిల్లలు వారానికోసారి ఇంటివాళ్లతో గోప్యంగా మాట్లాడే హక్కు పెట్టింది, తనిఖీలు పెంచింది. 1994 వేరు, ఇప్పుడు వేరు. కానీ పారిపోయే పిల్లాడి బూట్లు నేను ఇవ్వను.

ఎర్రమట్టి
ఎన్నాళ్లుంటాడో చెప్తారా?

కొండదారి
ఆ మాట వారానికోసారి వచ్చే థెరపిస్టు చెప్పాలి. గైడ్ తేదీ చెప్తే పిల్లలు ఆ తేదీ కోసం రోజులు లెక్కపెట్టుకుంటారు, పని ఆగిపోతుంది.

ఎర్రమట్టి
తేదీ తెలిసిన పిల్లాడికి పారిపోవాల్సిన అవసరం సగం తగ్గుతుంది. మీరు దాచేది దాచి, దానివల్ల వచ్చే పరుగుని బూట్లతో ఆపుతున్నారు.

తెనాలమ్మాయి_ఫీనిక్స్
అందరికీ ధన్యవాదాలండీ. తమ్ముడు ఇంటర్వ్యూలో అడగడానికి రాసుకుంటున్నాడు: రాత్రి ఎనిమిది మందికి ఎంతమంది గైడ్లు, నిప్పు రాకపోతే తిండి ఏంటి, పిల్లలకు తేదీ ఎప్పుడు చెప్తారు. ఇంకేమైనా?

కొండదారి
గైడ్లు ముగ్గురికి తక్కువైతే వద్దనమనండి. ఒక పిల్లాడు పరిగెడితే ఒక గైడ్ నీళ్లు, రేడియో పట్టుకుని వెనకాలే, కనిపించేంత దూరంలో, పట్టుకోకుండా వెళ్లాలి. ఇద్దరే ఉంటే మిగతా ఏడుగురితో ఒక్కడే మిగులుతాడు.

నర్సక్క_సాల్ట్‌లేక్
ఇంకొకటి. పిల్లాడిని దించాలని గైడ్ అన్నాక ఆఫీసులో ఎవరైనా "రేపు చూద్దాం" అనొచ్చా? అనకూడదని రాతపూర్వకంగా ఉందా? ఆ కాగితం చూపించమనండి.