అభ్యర్థుల్ని వాతావరణ మార్పుల గురించి ఏమని నిలదీయాలి?

ప్రశ్న: రాష్ట్ర ఎన్నికలు కదా, మా చిన్న బృందం ప్రచార సభల దగ్గర ప్లకార్డులు పట్టుకుని నిలబడుతోంది. అభ్యర్థులు నవ్వుతూ వచ్చి, ఓ మొక్క నాటి, ఫొటో దిగి వెళ్లిపోతున్నారు. మొక్కంటేనే చిరాకొచ్చేస్తోంది నాకు! వాళ్లు తప్పించుకోలేని ప్రశ్న ఏదైనా చెప్పండి.

జవాబు: భూమి వేడి పెరుగుదలను 1.5 డిగ్రీల దగ్గర ఆపే ప్రయత్నం చేయాలన్న 2015 పారిస్ ఒప్పందం గురించి అడిగితే "అది కేంద్రం పని" అని దాటేస్తారు. రాష్ట్రం చేతిలో ఉన్నవే అడగండి. బస్సులు, భవన నిబంధనలు, కరెంటు పంపిణీ. "డాబా మీద సోలార్ పెట్టుకుంటే మిగులు కరెంటుకు యూనిట్‌కి ఎంత ఇప్పిస్తారు?" అనండి. అంకె చెప్పాలి, లేదా నీళ్లు నమలాలి.

మరొకరు: అందరు అభ్యర్థులనూ అదే అడగండి. ఒక్కరినే పట్టుకుంటే ఎదుటి పార్టీ మనుషులంటారు.

ప్రశ్న అడిగినవారు: సోలార్ ప్రశ్న ఖాయం. ప్లకార్డు మీద పట్టదేమో గానీ!